మా అమ్మ మోకాలిలోని ప్లాస్టిక్ ముక్క గారికి

కేరాఫ్ మా అమ్మ కుడి మోకాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.

అయ్యా,

నమస్కారాలు. 2013లో అమ్మకి మోకీలు మార్పిడి ఆపరేషన్ చేసినప్పుడు మీరు మా ఇంట్లో చేరారు. మీ ఆరోగ్యం బాగాలేదని నిన్న మధ్యాహ్నం మూడున్నరకి తెలిసింది. ఆ ఒక్క ముక్క తెలుసుకోడానికి మేం తెల్లారి నాలుగింటికే లేచాం. అమ్మని వెనక సీట్లో కాలు చాపించి కూర్చోబెట్టి, పాతపట్నం, నరసన్నపేట మీదుగా విశాఖ చేరి, టోకెన్ పట్టుకుని నాలుగు గంటలు గోడలు చూశాం. చివరికి డాక్టరు గారు ఎక్స్‌రేని లైటు ముందు పెట్టి "ఇదిగో చూడండి" అన్నారు.

అక్కడేమీ లేదు. పైన తొడ ఎముకకి తొడిగిన లోహం, కింద కాలి ఎముక మీద లోహపు పళ్ళెం, మధ్యలో సందు. ఆ సందే మీరట. ప్లాస్టిక్ కాబట్టి ఎక్స్‌రేలో పడరట. బయటివైపు సందు బాగానే ఉంది, లోపలివైపు దారమంత మిగిలింది. అంటే తమరు అరిగిపోయారు.

"లోహాలు కదల్లేదు, ఎముక బాగుంది. ప్లాస్టిక్ ఒక్కటి మారిస్తే సరిపోవచ్చు" అన్నారు డాక్టరు గారు. ప్రాణం లేచొచ్చింది. వెంటనే అడిగారు: "స్టిక్కర్ తెచ్చారా?"

స్టిక్కరంటే మీ జాతకం. కంపెనీ, మోడల్, సైజు, లాట్ నంబరు అన్నీ బొటనవేలంత కాగితం మీద ఉంటాయి. ఒక కంపెనీ ముక్క ఇంకో కంపెనీ పళ్ళెంలో కూర్చోదు. అదే కంపెనీదైనా సైజు తేడా వస్తే అమరదు. మా ఫైల్లో ఉన్నది జిరాక్సుకి జిరాక్సు. స్టిక్కరు ఉండాల్సిన చోట చతురస్రంగా నల్లటి మచ్చ ఉంది. ఆపరేషన్ చేసిన ఆస్పత్రికి పరిగెత్తితే రికార్డు గది కుర్రాడు తలెత్తకుండా అన్నాడు: "2013వా? అంత పాతవి ఉంచం సార్."

మా ఇంట్లో రాజావారి ఎస్టేటు నాటి శిస్తు రసీదులున్నాయి. మా తాతయ్య రైలు పాసు ఉంది. ఆ చిన్న రైలు పోయి పెద్ద లైను వచ్చినా పాసు మాత్రం పెట్టెలోనే ఉంది. పనికిరాని కాగితాలన్నీ కలరా ఉండలేసి దాచుకున్న వాళ్ళం, పనికొచ్చేది ఇదీ అని ఒక్కరు చెప్పి ఉంటే దాచుకోలేమా? డిశ్చార్జి కాగితమేమో పూర్తిగా ఇంగ్లీషు. జనం మాట్లాడే భాషలోనే రాయండని గిడుగు వారు పోట్లాడిన ఊరు మాది. తెలుగులో కాకపోతే ఒడియాలోనైనా "ఈ స్టిక్కరు జాగ్రత్త" అని ఒక్క ముక్క రాయలేకపోయారా?

విచిత్రమేమిటంటే, మీ వంశ చరిత్ర మొత్తం నాకు తెలుసు. రాత్రంతా కూర్చుని చదివాను. ఇంగ్లండులో జాన్ చార్న్లీ అనే సర్జను 1950ల చివర్లో తుంటి కీళ్ళకి మీ పెద్దనాన్న టెఫ్లాన్‌ని వాడాడు. జారుడు బ్రహ్మాండం, అరుగుదల ఘోరం. దాదాపు మూడు వందల మందికి పెట్టినవి రెండు మూడేళ్ళకే అరిగాయి. ఆ పొడి ఒంటికి పడుతుందో లేదో చూడాలని ఆయన తన తొడలోకే ఎక్కించుకుని వాపు తెచ్చుకున్నాడు. 1962లో బట్టల మిల్లు యంత్రాల్లో వాడే గట్టి పాలిథిలీన్ ముక్క ఒకటి ఆయన వర్క్‌షాపుకి వచ్చింది. గోటితో గిచ్చి, టైము దండగ అని వెళ్ళిపోయాడు. క్రేవెన్ అనే టెక్నీషియను ఆయన ఊళ్ళో లేనప్పుడు మిషన్‌కి ఎక్కిస్తే దాదాపు అరగలేదు. ఆ ముక్క వారసులే మీరు. తర్వాత మీవాళ్ళని గాలి తగిలే ప్యాకెట్లలో పెట్టి గామా కిరణాలతో శుద్ధి చేస్తే పెళుసెక్కి పొరలుగా లేచిపోయారని 1990ల్లో గ్రహించి ప్యాకింగు మార్చారు. ఆ పైన అణువుల గొలుసులని అడ్డంగా ముడేసి అరుగుదల తగ్గించారు. ఆ పైన విటమిన్ ఇ కలిపారు.

ఇంత తెలిసీ నువ్వెవరో తెలీదు! ముడేసిన రకమా, మామూలు రకమా? మందం ఎంత? 8 మిల్లీమీటర్లకి తగ్గితే తొందరగా అరుగుతావట, నువ్వు తగ్గావా? పన్నెండేళ్ళు మా ఇంట్లో మనిషిలా ఉండి పేరు చెప్పకుండా అరిగిపోతావా? పోనీ, అరిగితే అరిగావు. ఆ పొడి ఏం చేస్తుందో చదివాక నిద్ర పట్టలేదు. కంటికి కనపడని నీ రేణువులని ఒంట్లో కాపలా కాసే కణాలు మింగుతాయి. అరిగిన నిన్ను మింగితే వాటికి అరగదు. అరక్క అవి పెట్టే గోలకి పక్కనున్న ఎముక కరుగుతుంది, లోహం వదులవుతుంది. అప్పుడు మార్చాల్సింది నిన్నొక్కదాన్నే కాదు, మొత్తం. స్టిక్కరు కోసం మేం తిరిగే ప్రతి వారం అక్కడ నీ పొడి రాలుతూనే ఉంటుంది.

ఖర్చు మాట ఎత్తను. మోకీళ్ళ ధరలకి కేంద్రం కళ్ళెం వేసింది 2017 ఆగస్టులో, మేం కట్టింది 2013లో. ఆంధ్రా వాళ్ళ ఆరోగ్యశ్రీ అడుగుదామంటే మేం మహేంద్రతనయ నదికి ఇటువైపు, ఒడిశా వాళ్ళం.

మా తప్పూ ఉంది, ఒప్పుకుంటా. కింద కూర్చోవద్దన్నారు. అమ్మ కార్తీకమాసంలో కూర్చుంది, కత్తిపీట ముందు కూర్చుంది, మనవడికి అన్నం పెట్టడానికి కూర్చుంది. ల్యాబుల్లో మీలాంటి వాళ్ళని ఏడాది నడకకి పది లక్షల అడుగుల లెక్కన పరీక్షిస్తారట. ఆ లెక్కన నువ్వు కోటీ ఇరవై లక్షలు మోశావు. రథయాత్రలన్నీ అందులోనే ఉన్నాయి.

ఇది చదివి వినిపిస్తే అమ్మ నవ్వింది. "దాని మీదెందుకురా కోపం, మోసింది కదేటి" అంది. అని లేవబోయింది. కిర్రుమంది.

సోమవారం మళ్ళీ వెళ్తున్నాం. పాత ఆపరేషన్ థియేటరు రిజిస్టరు ఒకటి కింది అంతస్తులో ఉందని అక్కడి నర్సమ్మ రహస్యంగా చెప్పింది. దొరికితే నీ పేరు తెలుస్తుంది. అంతవరకు దయచేసి, కాస్త మెల్లగా అరుగు.

ఇట్లు,
నీ ఇంటి యజమానురాలి పెద్దకొడుకు