కుండీలో గెలిస్తే చాలదు

ఆగస్టులో మూడు వారాలు చినుకు పడకపోతే ఆదోని, ఆలూరు, పత్తికొండ వైపు నల్లరేగడి నెర్రెలిస్తుంది. మధ్యాహ్నానికి పత్తి ఆకు వాలిపోతుంది, పొద్దుగూకేసరికి తేరుకుంటుంది. బెట్ట ఇంకొన్నాళ్లు సాగితే సాయంత్రం కూడా తేరుకోదు. అప్పుడు సాళ్ల మధ్య నడిస్తే కాళ్ల కింద రాలిన గూడే, అంటే పూమొగ్గలే. ఎకరాకు ఎన్ని క్వింటాళ్లన్న లెక్క అక్కడే తేలిపోతుంది, ఆదోని యార్డులో కాటా ఎక్కేదాకా ఆగక్కర్లేదు.

నీళ్లు లేక ఎండిందని తేలిగ్గా అనేస్తాం. ఆ సమయంలో మొక్కను కాల్చేది ఎండ కూడా. ఉన్న తడి పోకుండా ఆకు పత్రరంధ్రాలు మూసుకుంటుంది. దాంతో బొగ్గుపులుసు వాయువు రాక తగ్గుతుంది, ఎండ మాత్రం తగ్గదు. ఆకు పట్టుకున్న శక్తికి పని దొరక్క అది ఆక్సిజన్ మీద పడుతుంది. ముందు సూపరాక్సైడ్, దాన్నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడతాయి. ఇవి మితిమీరితే కణపొరల నుంచి డీఎన్‌ఏ దాకా దెబ్బతింటుంది. వీటిని అదుపు చేయడానికే మొక్కలో ఎంజైములున్నాయి. సూపరాక్సైడ్ డిస్మ్యూటేజ్ మొదటిదాన్ని రెండోదిగా మారుస్తుంది. కెటలేజ్, ఆస్కార్బేట్ పెరాక్సిడేజ్ ఆ రెండోదాన్ని నీరుగా మార్చేస్తాయి. మనం ఎక్కువగా వేసే అమెరికన్ పత్తి లక్షల ఏళ్ల కిందట రెండు జాతులు కలిసి పుట్టింది. అందుకే దానికి 52 క్రోమోజోములు, చాలా జన్యువులకు రెండేసి నకళ్లు. 2015లో దాని జన్యుపటం వెలువడ్డాక, ఈ ఎంజైముల జన్యువుల్లో ఏ నకలు ఎప్పుడు మేల్కొంటుందో వెతకడం సులువైంది.

ఇంతవరకు సంతోషమే. మా పేచీ ఆ తర్వాతి అడుగుతో. కుండీలో మొక్క పెంచి, వారం రోజులు నీళ్లు ఆపి, ఎంజైము పెరిగింది కాబట్టి ఈ రకం బెట్టను తట్టుకుంటుందని తేల్చేయడం పరిపాటి అయింది. ఎంజైము పెరిగిందంటే మొక్క తట్టుకుంటోందనా, తల్లడిల్లుతోందనా? రెండింటిలోనూ పెరగొచ్చు. పైగా కుండీలో వేరుకు దిగడానికి జానెడు మట్టే. రేగడిలో లోతుగా దిగి తడి వెతుక్కునే మొక్క బలం ఆ పరీక్షకు అందనే అందదు.

ఎంజైము ఎంత ఎక్కువైతే అంత మంచిదన్న లెక్క కూడా తప్పు. 2025 మేలో కేంద్రం ప్రకటించిన జన్యు సవరణ వరి రకాల్లో ఒకటి మన ఎంటీయూ 1010 నుంచి చేసినదే. అందులో డీఎస్టీ అనే జన్యువును పనిచేయకుండా చేశారు. ఆ జన్యువు లేకపోతే పత్రరంధ్రాల కాపలా కణాల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ పెరిగి, రంధ్రాలు త్వరగా మూసుకుని, నీరు ఆదా అవుతుంది. అంటే విషమనుకున్నదే మొక్కకు కబురు కూడా. పత్తిలో ఇది మరీ ముఖ్యం. కాయలో దూది పోగు సాగడం ఆగి గోడ మందం కట్టే దశకు మళ్లడంలో ఆ పెరాక్సైడ్ పాత్ర ఉందని తేలింది. బెట్ట పడ్డ చేను దిగుబడితోనే కాదు, పింజతోనూ, అంటే పోగు పొడవుతోనూ, నష్టపోతుంది. కొనేవాడు దూది చిటికెలో లాగి చూసి ధర తెగ్గోసేది అందుకే.

బెట్టను తట్టుకోవడం బీటీ పని కాదు. 2002లో అనుమతి వచ్చిన ఆ విత్తనం కాయతొలిచే పురుగుల కోసం, గులాబీ రంగు పురుగు దాన్నీ దాటేసింది. వానపై ఆధారపడ్డ రైతు ఏటా హైబ్రిడ్ ప్యాకెట్ కొనక తప్పడం లేదు. ఆకులు ఎర్రబడగానే దుకాణంలో ‘స్ట్రెస్’ తగ్గిస్తుందంటూ ఒక సీసా చేతిలో పెడతారు. ఇలాంటి బయోస్టిమ్యులెంట్లను 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు, సరే. తనిఖీ గ్రామంలోని కౌంటర్ దాకా రావాలి. బెట్టలో లీటరుకు పది గ్రాముల పొటాషియం నైట్రేట్ పిచికారీ అన్న పాత సలహా ఆ సీసాల కంటే చవక.

నంద్యాల పరిశోధనా స్థానం నరసింహ అనే పత్తి రకాన్ని ఇచ్చింది, దేశీ పత్తిలోనూ రకాలు తీసింది. 26 క్రోమోజోముల ఆ దేశీ పత్తి ఒకప్పుడు ఈ రేగడి మీద ఎరువూ నీరూ అడగకుండా పండింది. పింజ పొట్టి అని పక్కన పెట్టేశాం. ఎంజైముల కొలతలు మొదట జరగాల్సింది వాటి మీద, నంద్యాల, ఆదోని, అనంతపురం మూడు చోట్లా, తడి ఇవ్వని మళ్లలో. ఆకులో ఎంజైము ఎంతో రాసుకున్న పుస్తకంలోనే గూడ ఎంత రాలింది, వాన పడ్డాక మొక్క ఎన్నాళ్లకు కోలుకుంది, చివరికి ఎన్ని కిలోల పత్తి తీశారు అన్నవీ రాయాలి. ఒక్క ఏడాదితో ఇది తేలదు, వాన తప్పిన ఏడాదీ కుండపోత ఏడాదీ రెండూ చూడాలి. నీరు నిలిచిన రేగడిలో వేరుకు ఊపిరాడకపోయినా ఇదే గొడవ మొదలవుతుంది మరి.

ఇందుకు కావాల్సింది వరుసగా అయిదారేళ్లు ఆగని నిధులు, ఖాళీల్లేని ల్యాబ్. రాష్ట్ర ప్రభుత్వం ఈ రెండూ వచ్చే బడ్జెట్‌లో చూపాలి. ఆ మళ్ల ఫలితాలు, ఓడిన రకాల పేర్లతో సహా, జూన్ విత్తనాల కంటే ముందే రైతు సేవా కేంద్రాల గోడల మీద తెలుగులో అంటించాలి.