రిలాక్స్ హాలిడే అట, మిట్టమధ్యాహ్నం కొండెక్కించి!

ఆ మెసేజ్ మళ్ళీ వచ్చింది, ఈసారి అపార్ట్‌మెంట్ గ్రూపులో. “గ్రీస్ సముద్రతీరంలో నాలుగు రోజుల రిలాక్స్ హాలిడే! నాఫ్‌ప్లియో పక్కా ప్లాన్! మీవాళ్ళందరికీ షేర్ చేయండి.” స్కూల్ బ్యాచ్ గ్రూపు, ఆఫీసు గ్రూపు, ఎవరి పెళ్ళికో పెట్టి తీసేయడం మరిచిపోయిన గ్రూపు, అన్నీ తిరిగొచ్చింది. కింద దణ్ణాల బొమ్మలు, “చాలా ఉపయోగకరం అండీ” అంటూ. రాసినాయన ఆ ఊరు చూశాడో లేదో గానీ, అక్కడికి వెళ్ళినవాళ్ళను ఒక్క పూట కూడా కుదురుగా కూర్చోనివ్వకూడదని మాత్రం కంకణం కట్టుకున్నాడు.

చిల్లరవి ముందు తేల్చేద్దాం. “ఫెర్రీ టికెట్లు ముందే బుక్ చేసుకోండి.” దేనికి? నాఫ్‌ప్లియో దీవి కాదు. ఏథెన్స్‌లో కిఫిసోస్ బస్టాండుకెళ్ళి కేటెల్ బస్సెక్కితే రెండు, రెండున్నర గంటల్లో దిగబెడతాడు. “గ్రీస్ వీసా ఈజీ, దాంతో పది రోజులు పారిస్‌లో ఉండొచ్చు.” గ్రీస్, ఫ్రాన్స్ లాంటి చాలా ఐరోపా దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసాకు ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే అప్లై చేయాలి. ఇలాంటి సలహా వల్ల రేపు ఇంకో అప్లికేషన్ తిరిగొస్తే ఈ మెసేజ్ రాసినాయన వచ్చి జవాబు చెప్పడు.

“రెండో రోజు: మైసీనీ, ఎపిడారస్, కొరింథ్ కాలువ, ఏథెన్స్ అక్రోపొలిస్, రాత్రికి వెనక్కి.” దీన్ని రిలాక్స్ అనరు, ఎన్నికల ప్రచారం అంటారు.

ఇక అసలు సంగతి. అక్షరం పొల్లుపోకుండా ఇదీ మూడో పాయింటు: “మధ్యాహ్నం ఒంటిగంటకు పలమీది కోట ఎక్కండి. ఆ టైంలో రద్దీ ఉండదు. రెంటచింతల ఎండలు చూసిన మనకు గ్రీస్ ఎండ ఓ లెక్కా?”

రద్దీ ఎందుకుండదో ఒక్క నిమిషం ఆలోచించాల్సింది స్వామీ. పలమీది అంటే నాఫ్‌ప్లియో ఊరి పక్కనే ఉన్న 216 మీటర్ల కొండ. వెనీస్ వాళ్ళు 1711–14 మధ్య కోట కట్టుకుంటే, మరుసటేడే ఒట్టోమన్లు వచ్చి లాక్కున్నారు. ఊళ్ళోంచి పైకి 999 మెట్లని అందరూ చెబుతారు, లెక్కపెట్టినవాళ్ళకు మాత్రం అన్ని రావు. ఎన్నయితేనేం, అన్నీ రాతి మెట్లే. అలిపిరి దారిలోలా పైన కప్పు, పక్కన మజ్జిగ అమ్మేవాళ్ళు ఉంటారనుకోకండి. ఆగస్టులో పైన సూర్యుడు, కింద కాగిన రాయి, రెండూ కలిపి కాలుస్తాయి. పైగా చల్లటి విమానంలోంచి, చల్లటి హోటల్ గదిలోంచి తిన్నగా అక్కడికి. రెంటచింతలలో పుట్టినా హైటెక్ సిటీ ఏసీలో పదిహేనేళ్ళు కూర్చున్న ఒంటికి ఆ ఊరి ఎండ గుర్తుంటుందా? ఇంతకీ రెంటచింతలలో మే నెల ఒంటిగంటకు ఎవరు కొండెక్కుతున్నారు? తలుపులు వేసుకుని పడుకుంటారు. ఆ ఊరివాళ్ళకున్న తెలివి ఈ మెసేజ్‌కి లేదు.

2023 జులైలో, 2024 జూన్‌లో వడగాడ్పులకు అక్రోపొలిస్‌నే మధ్యాహ్నం వేళ మూసేశారు. టికెట్లు అమ్ముకునేవాళ్ళే గేటు మూశారంటే ఊరికే మూయరు కదా. అదే 2024 జూన్‌లో బ్రిటన్ టీవీలో ఆరోగ్య సలహాలు చెప్పే డాక్టర్ మైఖేల్ మోస్లీ సీమీ దీవిలో మధ్యాహ్నం ఒంటరిగా నడక మొదలుపెట్టి కనబడకుండా పోయారు. నాలుగు రోజుల తరవాత శవం దొరికింది. డాక్టరుగారికే అలా జరిగింది. మనం డెబ్భై ఏళ్ళ అమ్మానాన్నల్ని వెంటేసుకుని “రద్దీ ఉండదట” అని బయల్దేరతాం.

కోట చూడొద్దని కాదు. పొద్దున్నే గేటు తీసే వేళకు వెళ్ళండి. కొండ వెనకనుంచి కోట గుమ్మం దాకా రోడ్డుంది. టాక్సీలో ఎక్కేసి, మోకాళ్ళు బాగున్నవాళ్ళు మెట్ల మీదుగా దిగొచ్చు. ఎండ ముదిరేలోపు ఊళ్ళో ఉంటారు.

మధ్యాహ్నం ఏం చేయాలంటారా? ఏమీ చేయకూడదు. “రెండింటికే షాపులు మూసేస్తారు, బద్ధకం దేశం, అందుకే దివాలా తీసింది” అని ఇంకో పాయింటు. ఐరోపా సమాఖ్య లెక్కల్లో వారానికి ఎక్కువ గంటలు పనిచేసేవాళ్ళలో గ్రీకులు ముందు వరసలో ఉంటారు. ఆ షాపు మూసినాయన సాయంత్రం మళ్ళీ తెరిచి రాత్రి దాకా ఉంటాడు. ఎండాకాలం మూడు నుంచి అయిదున్నర దాకా చప్పుళ్ళు చేయకూడదని అక్కడ రూలే ఉంది. గ్రూపు సెల్ఫీల వాళ్ళు ఇది ప్రింటు తీసి పర్సులో పెట్టుకోగలరు. రిలాక్స్ హాలిడే అంటూ బయల్దేరి, ఊరు ఊరంతా పడుకునే వేళ కొండెక్కడమేమిటసలు? ఏడు దాటాక బయటకొస్తే సింతాగ్మా చౌకులో పిల్లలు బంతాట ఆడుతుంటారు, పెద్దలు ఒక్క కాఫీతో గంటలు గడుపుతుంటారు. భోజనం తొమ్మిదికి. ప్లానంటే అదే.

“శాకాహారులకు పస్తే. రైస్ కుక్కర్, నెయ్యి, చికెన్ పచ్చడి పట్టుకెళ్ళండి.” బయటి దేశాలనుంచి మాంసం, పాల సరుకులు ఐరోపాలోకి తేనివ్వరు. నెయ్యి, చికెన్ పచ్చడి కస్టమ్స్‌కి సమర్పయామి. (రొయ్యల పచ్చడికి ఆ నిషేధం లేదు, చేపల లెక్కలోకి వస్తుంది. గోదావరి జిల్లాలవాళ్ళు సంతోషించండి.) పస్తు సంగతికొస్తే, ఆర్థడాక్స్ క్రైస్తవుల ఉపవాసాల్లో మాంసం, గుడ్లు, పాలు మూడూ మానేస్తారు. ఆగస్టు మొదటి రెండు వారాలూ అలాంటి ఉపవాసమే. అందుకే నూనెలో మగ్గించిన బీన్స్, టమాటాలో ఉడికిన పెద్ద చిక్కుడు గింజలు, బియ్యం కూరిన కాప్సికం అక్కడ ఇంటింటి వంట. “నిస్తీసిమో” (ఉపవాసపు వంట) అని అడిగితే వెయిటర్‌కి అర్థమవుతుంది. కాప్సికంలో కొందరు ఖీమా కూరుతారు, ఉపవాసపు వంటల్లో రొయ్యల్లాంటివీ ఉంటాయి, అవి అడిగి తినండి.

“ఆగస్టే బెస్ట్.” ఆగస్టు 15 మేరీమాత పండగ, గ్రీసంతా సముద్రం మీద పడేది అప్పుడే. గదుల రేట్లు మీరే చూసుకోండి. సెప్టెంబరు చివర వెళ్ళినా నీళ్ళు వెచ్చగానే ఉంటాయి. ఎపిడారస్ పాత రంగస్థలంలో వేసవి రాత్రుళ్ళు వేసే నాటకాల కోసమైతే మాత్రం ఆగస్టు ఎండ భరించినా తప్పులేదు.

చివరి పాయింటు: “బీచ్ పెద్దగా బాగోదు, మన రుషికొండే నయం.” ఇది మాత్రం నిజం. ఊళ్ళో ఉన్న అర్వనితియా బీచ్ చిన్నది, ఇసుక ఉండదు, గులకరాళ్ళే. చెప్పుల్లేకపోతే నాలుగడుగులు వేయలేం. టోపీలు పెట్టుకున్న ముసలమ్మలు మెడలోతు నీళ్ళలో నిలబడి కబుర్లు చెప్పుకుంటూంటే చూడ్డానికి బాగుంటుంది గానీ, పిల్లలు ఇసుకలో ఇళ్ళు కట్టుకోవాలంటే కొండ అవతల కరథోనా దాకా పోవాలి. నాలుగు రోజులూ ఇసుకలో పొర్లడమే మీ ఉద్దేశమైతే బాపట్ల రైలెక్కి సూర్యలంక వెళ్ళండి. దానికి వీసా కూడా అక్కర్లేదు.