ఈ సైకిలు తొక్కువానికి కారు కలదు

మన దగ్గర సైకిల్ తొక్కే హక్కు ఇద్దరికే ఉంది. వేరే దారి లేనివాడికి, లక్ష రూపాయలు ఏం చేసుకోవాలో తెలియనివాడికి. మొదటివాణ్ణి చూసి "పాపం" అంటాం, రెండోవాణ్ణి చూసి "అబ్బో" అంటాం. ఈ పాపానికీ ఆ అబ్బోకీ మధ్య ఇంకొకడున్నాడు. నలభై దాటాక, షుగరు బోర్డర్‌లో ఉందని డాక్టరు చెప్తే, పద్నాలుగు వేలు పెట్టి ఒక బూడిదరంగు గేర్ల సైకిల్ కొనుక్కుని పొద్దున్నే భయం భయంగా రోడ్డెక్కినవాడు. వాణ్ణి చూసి ఏమనాలో ఎవరికీ తెలియదు. ప్రభుత్వాలు, మేధావులు, ఆఖరికి అపార్ట్‌మెంట్ సంక్షేమ సంఘం కూడా పట్టించుకోని ఈ వర్గం తరఫున ఎవరో ఒకరు గొంతు విప్పాలి. నేనూ ఆ వర్గంవాణ్ణే కాబట్టి, ఊపిరి అందినంత మేరకు విప్పుతున్నాను.

నవ్వకండి, దీనికి చరిత్ర ఉంది. మా తాతల కాలంలో అలకపాన్పు ఎక్కిన కొత్త అల్లుడు దిగాలంటే సైకిల్ రావాల్సిందే. సైకిలు, చేతికి వాచీ, అదృష్టం బాగుంటే ఒక రేడియో, ఈ మూడూ ఉన్నవాడు బెల్లు కొట్టుకుంటూ వెళ్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు తల తిప్పి మరీ చూసేవారు. సైకిలుకు లైసెన్సు బిళ్ళ ఉండేది. చీకటి పడ్డాక లైటు లేకుండా పోయినా, వెనకాల ఇంకొకణ్ణి ఎక్కించుకుని డబుల్స్ తొక్కినా పోలీసులు పట్టుకునేవారు. పోలీసులు పట్టుకున్నారంటేనే అర్థం చేసుకోవాలి, ఆ బండికి సమాజంలో ఎంత హోదా ఉండేదో. ఇప్పుడు నేను రాంగ్ రూటులో రెండు చేతులూ వదిలేసి వెళ్ళినా ఏ కానిస్టేబులూ తలెత్తడు (చేతులు వదిలేసి తొక్కడం నాకు రాదు, అది వేరే విషయం). చలానా రాయడానికి కూడా పనికిరాని బతుకైపోయింది. ఈ రోజుల్లో మామగారు అల్లుడికి సైకిల్ పెడితే ఏమవుతుందో ఊహించుకోండి. సంబంధమైనా చెడుతుంది, లేకపోతే అల్లుడు "కార్బన్ ఫ్రేమేనా మావయ్యా?" అనైనా అడుగుతాడు.

1951లో సోనీపత్‌లో మొదలై దేశమంతా తిరిగిన అట్లాస్ సైకిళ్ళ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీలో పని ఆపేసింది 2020 జూన్ 3న. జూన్ 3 ప్రపంచ సైకిల్ దినోత్సవం, ఐక్యరాజ్యసమితి 2018లో ప్రకటించింది. ఆ రోజును ఇంత క్రియాశీలకంగా జరుపుకున్న దేశం మరొకటి ఉందనుకోను.

సరే, చరిత్ర వదిలేద్దాం. అసలు గొడవ ధర దగ్గరుంది. మా వాచ్‌మన్ రోజూ ఎక్కడో ఊరవతల నుంచి నల్ల సైకిల్ మీద డ్యూటీకొస్తాడు. గేర్లు లేవు, హెల్మెట్ లేదు, కాళ్ళకు హవాయి చెప్పులు, హ్యాండిల్‌కు టిఫిన్ క్యారియర్. నేను ఒకటో గేరులో పెట్టి కూడా దేవుణ్ణి తలుచుకునే ఎత్తును ఆయన సీటు మీద నుంచి లేచి నాలుగు తొక్కులు తొక్కి దాటేస్తాడు. అయినా ఆయన్ని ఎవరూ సైక్లిస్ట్ అనరు. ఎందుకంటే ఆయన ఫోన్‌లో, తొక్కిన దూరం లెక్కకట్టి నలుగురికీ చూపించే స్ట్రావా యాప్ లేదు. యాప్‌లో ఎక్కని కిలోమీటరు తొక్కనట్టే లెక్క. నేను మాత్రం ఆదివారం పొద్దున దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దాకా వెళ్ళి, సైకిల్‌ను రెయిలింగ్‌కు ఆనించి, బ్రాండు పేరు కనపడకుండా ఒక పక్క నుంచి ఫొటో తీసుకుని పెడితే సాయంత్రానికి సైక్లిస్టునైపోయాను. ఆయన మోకాళ్ళ గురించి ఎవరికీ బెంగ లేదు. నా మోకాళ్ళ గురించి ఫ్యామిలీ గ్రూపులో మా పెద్దత్త, మా చిన్నాన్న, ఎప్పుడూ మాట్లాడని ఒక దూరపు బావ కూడా సలహాలిచ్చారు.

ఇక్కడే హెల్మెట్ గురించి నా సిద్ధాంతం చెప్పాలి. మన దేశంలో సైకిలుకు లైసెన్సు అక్కర్లేదు, హెల్మెట్టూ తప్పనిసరి కాదు. మరి మావాళ్ళందరూ ఎందుకు పెట్టుకుంటారు? తలకాయ కోసం అంటారు. అది పైకి చెప్పే మాట. నా దృష్టిలో హెల్మెట్ ఒక ప్రకటన. "అయ్యా, నేను గతిలేక తొక్కట్లేదు, కావాలని తొక్కుతున్నాను, గమనించగలరు" అని అది దారిన పోయేవాళ్ళకు చెప్తుంది. హెల్మెట్ లేకుండా వెళ్ళిన రోజు ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ అతను "హౌస్‌కీపింగా? సైకిల్ వెనక పెట్టుకో" అన్నాడు. పెట్టుకున్న రోజు "గుడ్ మార్నింగ్ సార్, సైకిల్ వెనక పెట్టుకోండి" అన్నాడు. చోటు మారలేదు, క్రియాపదం మారింది. ఏడు వందల రూపాయల థర్మకోల్‌కు ఇంతకన్నా ఏం కావాలి.

కాని హెల్మెట్ దూరం నుంచి కనపడదు, సిగ్నల్ దగ్గర ఎస్‌యూవీల్లో కూర్చున్నవాళ్ళకైతే అసలే కనపడదు. అందుకని నేను ప్రభుత్వానికి ఒక ప్రతిపాదన పెడుతున్నాను. పాతిక వేల లోపు సైకిల్ కొన్న ప్రతి మధ్యతరగతి పౌరుడికీ, కారు ఆర్సీ బుక్కు, పాన్ కార్డు పరిశీలించి, సీటు వెనక తగిలించుకోవడానికి ఒక రేకు బోర్డు మంజూరు చెయ్యాలి. దాని మీద తెలుగులోనూ ఉర్దూలోనూ "ఈ సైకిలు తొక్కువానికి కారు కలదు" అని రాయించాలి. ఈఎంఐలో ఉన్నవాళ్ళకు బోర్డు రంగు వేరేగా ఉండొచ్చు, అభ్యంతరం లేదు. 2025 సెప్టెంబరులో సైకిళ్ళ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దించారు, సంతోషమే, కాని దాంతో తగ్గింది సైకిల్ ఖరీదు. మా బాధ ఖరీదు ఎక్కువైందని కాదు, సరిపోలేదని.

అబ్బో వర్గంవాళ్ళ దగ్గరికి వెళ్తే తెలుస్తుంది ఎంత సరిపోలేదో. పొద్దున్నే టీ కొట్టు దగ్గర వాళ్ళ సైకిళ్ళు గోడకు వరసగా ఆనించి ఉంటాయి. మన సైకిలుకు స్టాండు ఉంటుంది, అదే మొదటి అవమానం. ఎందుకంటే వాటికి ఉండదు. తర్వాత వాళ్ళలో ఒకాయన వచ్చి, ఏమీ మాట్లాడకుండా, మన సైకిల్ బారు కింద రెండు వేళ్ళు పెట్టి ఎత్తబోతాడు. లేవదు. మూడో వేలు పెడతాడు. ఆయన మొహంలో సానుభూతి కనిపిస్తుంది. "స్టీలా బ్రో?" అంటాడు. ప్రపంచ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ పోటీల సైకిల్ 6.8 కిలోలకు తగ్గకూడదని నిబంధన పెట్టింది, అంటే అక్కడ బరువు మరీ తగ్గిపోతుందేమోనని పెద్దల భయం. మా భయం ఇంకో వైపు నుంచి. విచిత్రం ఏంటంటే, సైకిల్లో ఒక కిలో తగ్గించడానికి వేలకు వేలు పోసిన ఆ పెద్దమనిషే రైడ్ అవ్వగానే నెయ్యి కారప్పొడి ఇడ్లీ ఒక ప్లేటు, పైన ఉప్మా పెట్టిన ఎమ్మెల్యే పెసరట్టు, ఆఖర్న ఉస్మానియా బిస్కెట్లతో రెండు టీలు లాగించి, ఆ కిలోను ఫ్రేము నుంచి తన నడుము మీదికి బదిలీ చేసుకుంటాడు. భౌతికశాస్త్రం ప్రకారం రోడ్డుకు ఏ తేడా తెలియదు.

తర్వాతి ప్రశ్న "ఎక్కడి నుంచి?". మియాపూర్ నుంచి అని గర్వంగా చెప్తాం. "వార్మప్పా?" అంటాడు. వాళ్ళకు బ్రెవేలని గడువు పెట్టి తొక్కే దూరపు రైడ్లు ఉంటాయి, రెండు వందల కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తి చెయ్యాలి, అది ఎల్కేజీ. ఆ పైన మూడు వందలు, నాలుగు వందలు, ఆరు వందలు. ఆరు వందల కిలోమీటర్లకు నలభై గంటలిస్తారు, అంటే మధ్యలో ఏదో బస్టాండు బల్ల మీద కునుకు తీసి మళ్ళీ ఎక్కడం. డబ్బులున్నవాళ్ళు బస్టాండు బల్ల మీద పడుకుంటే సాహసమట. మా వాచ్‌మన్ కుర్చీలో పడుకుంటే సంఘం మీటింగులో ఎజెండా.

ఇక ప్యాడ్ ఉన్న నిక్కరు. దాని గురించి ఎక్కువ రాయను, ఇది కుటుంబసమేతంగా చదివే వ్యాసం. సీటు చిన్నది, మనం చిన్నవాళ్ళం కాదు, కాబట్టి అది తప్పదు. లోపల ఇంకేమీ వేసుకోకూడదని ఆ శాస్త్రం తెలిసినవాళ్ళు చెప్తారు, వాళ్ళు చెప్పేది నిజమే, కాని అలా వేసుకుని ఆరో అంతస్తు నుంచి లిఫ్టులో దిగాలి. పాల ప్యాకెట్లతో ఎక్కిన పక్కింటి పెద్దావిడ కింద దాకా లిఫ్టు పైకప్పునే చూస్తూ నిలబడింది. ఆవిడ సంస్కారానికి దండం.

అయితే మా వర్గానికి ఒక్క విజయం ఉంది, అది వాల్వు దగ్గర. ఖరీదైన సైకిళ్ళకు ప్రెస్టా అని సన్నటి వాల్వు ఉంటుంది. రోడ్డు పక్క పంక్చర్ షాపు కంప్రెసర్ మూతి దానికి పట్టదు, చిన్న ఇత్తడి అడాప్టర్ కావాలి, అది ఎప్పుడూ ఇంట్లో సొరుగులో ఉంటుంది. మన చవక సైకిలుకు మోటార్ సైకిల్‌కు ఉండే వాల్వే, ఎక్కడైనా గాలి కొట్టించుకోవచ్చు. నల్ల సైకిలుది ఇంకో రకం, లోపల రబ్బరు వాల్వు ట్యూబుతో, చేతి పంపు చాలు. ఒకరోజు రెండు లక్షల సైకిలాయన ఒకరు పంక్చర్ షాపు ముందు నిలబడి ఉంటే ఆ షాపాయన చక్రం తిప్పి తిప్పి చూసి, "ఇదేం వాల్వు సార్, మా దగ్గర నడవదు. మంచి సైకిల్ తీసుకోవాల్సింది" అని నావైపు చూపించాడు. ఆ మాటను స్ట్రావాలో పెట్టుకునే వీలు లేకపోవడం ఆ యాప్‌లో పెద్ద లోపం.

ప్రభుత్వం ఏమీ చెయ్యలేదని నేను అనను. 2023 అక్టోబరు 1న హైదరాబాదు అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఒక ముక్క, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకో ముక్క. నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన ఎండ తగలకుండా సోలార్ పలకల కప్పు, వాటి సామర్థ్యం 16 మెగావాట్లు. నిజంగా బాగుంది. కింద తొక్కేవాడు ఒక్కడు లేకపోయినా పైన కరెంటు పుడుతూనే ఉంటుంది, ఇంత ముందుచూపున్న సైకిల్ ట్రాక్ నేను ఎక్కడా చూడలేదు. చిక్కు ఒక్కటే, మామూలు కాలనీ నుంచి అక్కడిదాకా సైకిల్ మీద వెళ్ళాలంటే బస్సులు, టిప్పర్లు, రాంగ్ రూటు ఆటోలు దాటుకుని, బతికి ఉంటే చేరాలి. అందుకని తెలిసినవాళ్ళు సైకిల్‌ను కారు వెనక ర్యాక్‌కు కట్టుకుని వస్తారు. కారున్నవాడే సురక్షితంగా సైకిల్ తొక్కగలడని ఆ విధంగా అధికారికంగా తేలింది కాబట్టి, నా బోర్డు ప్రతిపాదనను ఆమోదించడానికి ఇంక ఆలస్యం దేనికి? సైకిల్ మీదే పనికి పోయే మేస్త్రీకి, వాచ్‌మన్‌కు పోలీస్ అకాడమీ వైపు పనేమీ ఉండదు, వాళ్ళు సర్వీసు రోడ్డు అంచున టిప్పరు పక్కనే పోతుంటారు.

బోర్డులు వచ్చేలోపు కొత్తగా చేరేవాళ్ళకు ఫ్లైఓవర్ గురించి ఒక ముక్క చెప్పి వదిలేస్తాను. సగం ఎత్తులో ఊపిరి ఆడక దిగి నడవాల్సి వస్తుంది, అందరికీ వస్తుంది. అప్పుడు తల దించుకుని తోసుకుంటూ వెళ్ళొద్దు, మొత్తం పాపం ఖాతాలో పడిపోతారు. ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకుని, ఇంగ్లిషులో, కాస్త విసుగ్గా మాట్లాడండి. ముఖ్యమైన కాల్ కోసం దిగాడనుకుంటారు. ఫోన్ సైలెంట్‌లో ఉందో లేదో ముందే చూసుకోండి, చెవి దగ్గరే మోగితే బాగుండదు. అంతే తప్ప, ఎవరు అడిగినా పంక్చర్ అయిందని మాత్రం చెప్పకండి. మన జనం మంచివాళ్ళు. పంక్చర్ అంటే వెంటనే నలుగురు బండ్లు ఆపుతారు, అందులో ఒకాయన వంగి రెండు టైర్లూ బొటనవేలితో గట్టిగా నొక్కి చూసి, "గాలి బానే ఉంది కద సార్?" అని అందరికీ వినపడేలా అడుగుతాడు.