మహారాజశ్రీ మార్క్ 14 టార్పెడో గారికి

మహారాజశ్రీ మార్క్ 14 టార్పెడో వారి దివ్య సముఖానికి,

ఉభయకుశలోపరి. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా జలాంతర్గాములు శత్రువు ఓడల మీదకు నీళ్ళలోంచి వదిలిన తమరి క్షేమం కనబడుతూనే ఉంది. అమెరికాలోని వర్జీనియాలో, అలెగ్జాండ్రియా ఊళ్ళో నది ఒడ్డున, ఒకప్పుడు టార్పెడోలు చేసిన ఫ్యాక్టరీ ఇప్పుడు ఆర్ట్ సెంటర్ అయితే, అందులో ఆకుపచ్చ రంగు పూయించుకుని హాయిగా పడుకున్నారు. శని, ఆదివారాల్లో అక్కడి మన తెలుగువాళ్ళు పిల్లల్ని పక్కన నిలబెట్టి ఫొటోలు తీస్తున్నారు. అలాంటి ఫొటో ఒకటి మొన్న వాట్సాప్‌లో తిరిగింది. కింద "యుద్ధం గెలిపించిన ఆయుధం" అని రాసి, పక్కన రెండు చప్పట్లు. ఆ చప్పట్లు అరగక ఈ ఉత్తరం.

ఆ ఆకుపచ్చ ఎందుకో పిల్లలకు ఎవరైనా చెప్పారా? పరీక్షకు వదిలిన టార్పెడో పరుగు అయ్యాక నీళ్ళమీద తేలితే దూరం నుంచి కళ్ళకు ఆనాలి, పోగొట్టుకోకుండా వెనక్కి తెచ్చుకోవాలి. అందుకు. తమరి ఖరీదు సుమారు 10,000 డాలర్లు. అందుకని పరీక్షకు పంపినప్పుడల్లా మందుగుండు తల విప్పి, నీళ్ళు నింపిన ఉత్తుత్తి తల బిగించేవారు. పరుగు చివర గాలి ఒత్తిడితో ఆ నీళ్ళు బయటికి నెడితే తమరు తేలిక పడి పైకి వచ్చేవారు. తుడిచి, నూనె రాసి, మళ్ళీ లోపల పెట్టేవారు. పేల్చి చూసింది మాత్రం లేదు. ఓడ అయస్కాంతం తగలగానే పేల్చే యంత్రాన్ని ఒక్కసారి, తమరు పుట్టకముందు, 1926 మే 8న, ఎల్-8 అనే పాత జలాంతర్గామి మీద ప్రయోగించారు. రెండు వేస్తే ఒకటి పేలింది. సగానికి సగం! శభాష్ అనుకుని ఫైలు కట్టేశారు.

సంతలో మట్టికుండ కొనే ముసలమ్మ కూడా చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టి చూస్తుందండీ. ఖంగుమంటేనే డబ్బులిస్తుంది. తమరు ఇరవై అడుగుల ఆరంగుళాల పొడవు, ఇరవై ఒక్క అంగుళాల మందం, దాదాపు టన్నున్నర బరువు. 46 నాట్ల వేగంతో (గంటకు సుమారు 85 కిలోమీటర్లు) 4,500 గజాలు పరుగెత్తే మహానుభావులు. తమరిని వేలితో కొట్టి చూసిన నాథుడు లేడు. కొడితే 10,000 డాలర్లు పోతాయి కదా!

రోడ్ ఐలాండ్‌లో న్యూపోర్ట్ పక్కన గోట్ ఐలాండ్ అనే దీవిలో తమరి పుట్టిల్లు. టార్పెడో చేస్తే మా ఊళ్ళోనే చెయ్యాలని అక్కడి ప్రజాప్రతినిధుల పట్టు. ఉద్యోగాలు, ఓట్లు, మనకు తెలియనివి కావు. తీరా 1941 డిసెంబర్ 10న ఫిలిప్పీన్స్‌లో మనీలా దగ్గర కవీటే అనే అమెరికా నౌకాదళ స్థావరం మీద జపాన్ బాంబులు వేస్తే, అక్కడ దాచిన 233 మంది తమరి తోబుట్టువులు ఒక్క పూటలో బూడిదయ్యారు. ఉన్నవి అయిపోతున్నాయి, కొత్తవి రావడం లేదు. అందుకని కెప్టెన్లకు పొదుపు పాఠాలు చెప్పారు. ఆ పొదుపు చేసి వేసినవి కూడా ఎటు పోయాయో చూద్దాం.

సార్గో జలాంతర్గామి కెప్టెన్ టైరెల్ జేకబ్స్ తన మొదటి యుద్ధయాత్రలో 13 టార్పెడోలు వేశాడు. ఒక్కటీ తగల్లేదు. శత్రువు ఓడలు ఎదురుగా, లెక్క సరిగ్గా, దూరం దగ్గరగా. ఆయన రేడియో నిశ్శబ్దం కూడా పక్కన పెట్టి, టార్పెడోల్లోనే లోపం ఉందని మొరపెట్టుకున్నాడు. నౌకాదళంలో ఆయుధాలు చూసుకునే ఆర్డ్‌నెన్స్ బ్యూరో వారి తీర్పు: తప్పు కెప్టెన్‌ది, సిబ్బందిది, గురిది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అని మన సామెత. ఇక్కడ మద్దెల నిజంగానే ఓడు. అయినా తిట్లు ఆడినవాడికే.

ఆ 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేసి పోయాయి. పేలకుండా పడిన బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. వాళ్ళది ఒకటి చీదేస్తే మనం దాన్ని వింతగా దాచుకున్నాం. తమరివి దాచాలంటే మ్యూజియాలు చాలవు.

ఇక ఆస్ట్రేలియా వల సంగతి. ఇది మాత్రం వదలలేను. 1942 జూన్ 20న, పశ్చిమ ఆస్ట్రేలియాలో ఆల్బనీ దగ్గర, అక్కడి అమెరికా జలాంతర్గాముల అధిపతి రియర్ అడ్మిరల్ చార్లెస్ లాక్‌వుడ్ చేపల వల ఒకటి కొనిపించి సముద్రంలో నిలువుగా దించాడు. 500 అడుగుల వల. జేమ్స్ కో నడిపే స్కిప్‌జాక్ జలాంతర్గామి నుంచి తమరిని పది అడుగుల లోతుకు అమర్చి వదిలారు. వల పైకి లాగితే చిరుగు 25 అడుగుల దగ్గర. మర్నాడు ఒకదాన్ని సున్నా అడుగులకు అమర్చి, అంటే నీళ్ళమీదే పరుగెత్తమని చెప్పి, వదిలారు. అదీ 11 అడుగుల కింద పోయింది. వలకు డిగ్రీలు లేవు, జీతం లేదు. తమరి పుట్టింటివారికి ఏళ్ళ తరబడి దొరకని జవాబు అది రెండు రోజుల్లో చెప్పేసింది. అప్పటికే యుద్ధంలో 800కు పైగా టార్పెడోలు వేసేశారు.

బ్యూరో ఏమంది? పరీక్ష పద్ధతి ప్రకారం జరగలేదు, టార్పెడో బరువు సరిగ్గా సర్దలేదు, చెల్లదు అంది. దున్నపోతు మీద వాన. లాక్‌వుడ్ జులైలో మళ్ళీ వల వేశాడు. మళ్ళీ అదే జబ్బు, లోతుగానే పోయింది. ఆగస్టు 1న, ఎవరో పళ్ళు పీకుతున్నట్టుగా, అవును పది అడుగులు కిందికి పోతోంది అని ఒప్పుకున్నారు.

కారణం వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. తమరు ఎంత లోతున ఉన్నారో చెప్పేది నీటి ఒత్తిడిని కొలిచే ఒక రంధ్రం. దాన్ని సన్నబడే తోక భాగంలో పెట్టారు. నిలబడి ఉంటే లెక్క కరెక్టే. 46 నాట్లతో దూసుకుపోతుంటే తోక చుట్టూ నీళ్ళు జోరుగా జారి అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. తమరేమో "అయ్యో, పైకి వచ్చేశాను" అనుకుని ఇంకా కిందికి మునుగుతారు. దానికి తోడు అసలు మందుగుండు తల ఆ ఉత్తుత్తి తలకన్నా బరువు. మరి న్యూపోర్ట్ పరీక్షల్లో ఈ తేడా తెలియలేదా అంటే, లోతు నమోదు చేసే పరికరానికి కూడా అదే జబ్బు. దొంగ చెప్పిన సాక్ష్యం మరో దొంగ ధ్రువీకరించాడు.

లోతు సరిచేశాక బాగుపడ్డారా? లేదు, ఉల్లిపాయ పొర తీస్తే కింద ఇంకో పొర. ఓడ కిందనుంచి పోతూ దాని అయస్కాంత క్షేత్రం తగలగానే పేలాలని పెట్టిన మార్క్ 6 యంత్రం ఎంత రహస్యమంటే, యుద్ధం గుమ్మంలోకి వచ్చేదాకా వాడాల్సినవాళ్ళకే దాని మొహం చూపించలేదు. భూమి అయస్కాంతం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. న్యూపోర్ట్ నీళ్ళలో కుదిరిన లెక్క భూమధ్యరేఖ దగ్గర కుదరదు. ఒకసారి ఓడ చేరకముందే ఢాం, ఒకసారి ఓడ కింద గుట్టుగా దాటిపోవడం. జర్మన్లు, బ్రిటిష్‌వాళ్ళు ఇలాంటి యంత్రాలతోనే చేతులు కాల్చుకుని పక్కన పెట్టేశారు. అమెరికావాళ్ళు మాత్రం 1943 జూన్ 24 దాకా పట్టుకు వేలాడారు. ఆ రోజు పసిఫిక్ నౌకాదళాధిపతి నిమిట్జ్ పీకెయ్యమన్నాడు. ఆస్ట్రేలియాలో ఉన్న అడ్మిరల్ క్రిస్టీ ఆ తర్వాత కూడా తన జలాంతర్గాముల్లో కొనసాగించాడు. ఆ యంత్రం తయారీలో ఆయనదీ చెయ్యి ఉంది మరి. కాకిపిల్ల కాకికి ముద్దు.

వెనక తమరు వదిలే బుడగల చార, "ఇదిగో, నన్ను వేసినవాడు అక్కడున్నాడు" అని శత్రువుకు దారి చూపించే ఆ తెల్ల గీత, దాని గురించి మళ్ళీ ఎప్పుడైనా. గుండ్రంగా తిరిగి వేసినవాడి మీదకే వచ్చే అలవాటు గురించి కూడా.

మిడ్‌వే యుద్ధం మాత్రం దాటి పోలేను. 1942 జూన్ 4న నాటిలస్ జలాంతర్గామి, మంటల్లో ఉన్న ‘కాగా’ అనే జపాన్ విమానవాహక నౌక మీద టార్పెడోలు వేసింది. ఒకటి ట్యూబులోంచి కదల్లేదు. రెండు గురి తప్పాయి. ఒకటి సరిగ్గా నడిమధ్య తగిలి, పేలకుండా, రెండు ముక్కలైంది. దాని గాలి సిలిండరు నీళ్ళమీద తేలితే, సముద్రంలోకి దూకిన జపాన్ నావికులు దాన్ని పట్టుకుని ప్రాణాలు కాపాడుకున్నారు. ముంచడానికి పంపితే తెప్ప అయ్యారు. ఎంత పరోపకారం!

మర్యాద ఇక్కడిదాకా. ఇక నా వల్ల కాదు.

1943 జులై 24. పసిఫిక్‌లో ట్రక్ దీవుల దగ్గర టినోసా జలాంతర్గామి, కెప్టెన్ డాన్ డాస్పిట్. ఎదురుగా జపాన్ వారి తోనాన్ మారు 3, పందొమ్మిది వేల టన్నుల పైచిలుకు ఓడ. ఆరు టార్పెడోలు వేసేసరికి అది కదలకుండా ఆగిపోయింది. ఆగిన ఓడకు 875 గజాల దూరంలో, నిలువుకు నిలువు, పుస్తకంలో బొమ్మ గీసినట్టు నిలబడి ఒక్కొక్కటిగా తొమ్మిది వేశాడు. పై నుంచి ఫిరంగులు పేలుస్తున్నా పెరిస్కోపులోంచి చూస్తూనే ఉన్నాడు. తొమ్మిదీ తగిలాయి. తొమ్మిదీ తుస్సు. వానకు తడిసిన దీపావళి టపాకాయలన్నా నయం, కనీసం పొగ వస్తుంది. ఆఖరిదాన్ని వెయ్యకుండా దాచి పెర్ల్ హార్బర్ పట్టుకొచ్చాడు. విప్పి చూస్తే ఏ లోపమూ కనబడలేదు. ఎలా కనబడుతుంది? నీ లోపం విరిగిన ముక్కలో లేదు, నిన్ను గీసిన బొమ్మలో ఉంది.

నీలో పేలుడు రగిలించే సూది నీ పరుగు దారికి అడ్డంగా కదలాలి. మెల్లగా పోయే పాత టార్పెడోకు సరిపోయిన అమరిక అది. 46 నాట్లతో సూటిగా గోడకు గుద్దితే ఆ అదురుకు సూది తన గైడు కమ్మీలకు బిగుసుకుపోతుంది, స్ప్రింగు బలం చాలదు, మందు అంటుకునేంత గట్టిగా తగలదు. వంకరగా రాసుకుపోతే అదురు తక్కువ, అప్పుడు పేలుతుంది. అంటే గురి బాగా కుదిరినవాడికి శిక్ష, గురి తప్పినవాడికి బహుమతి! ఏడాదిన్నరకు పైగా "గురి నేర్చుకోండి" అని మొట్టికాయలు తిన్నవాళ్ళు నేర్చుకున్నకొద్దీ నువ్వు చీదావు.

దీన్ని పట్టుకున్నదీ న్యూపోర్ట్ కాదు. హవాయిలో కాహోలావే దీవి కొండ అంచుకేసి మస్కలంజ్ జలాంతర్గామి నుంచి మూడు టార్పెడోలు కొట్టారు. మూడోది పేలలేదు. దాన్ని నీళ్ళలోంచి వెతికి తీశారు. ఆ తర్వాత తలల్లో మందుకు బదులు సిండర్ కాంక్రీటు నింపి, క్రేనుకు కట్టి, 90 అడుగుల ఎత్తునుంచి ఇనప పలక మీదకు వదిలారు. అంత ఎత్తునుంచి పడితే సుమారు 45 నాట్ల వేగం వస్తుంది, లెక్క అదీ. సూటిగా పడ్డ పదిలో ఏడు పేలలేదు. ఒక క్రేను, కొంచెం కాంక్రీటు, ఒక ఇనప పలక. 10,000 డాలర్లు ఎక్కడ అయ్యాయి? ఈ పని 1935లో చేస్తే ఎవరు చెయ్యి పట్టుకుని ఆపేవారు?

సరే, ఆ జబ్బుకు మందు కూడా చవకే. బరువు సూది తీసేసి, తేలికైన అల్యూమినియం మిశ్రమంతో సూది చేశారు. పెర్ల్ హార్బర్ మీదకు వచ్చి కూలిన జపాన్ విమానాల ప్రొపెల్లర్ల లోహం అందుకు వాడారు. ఎవరు పంపిన సరుకు వాళ్ళకే తిరిగి పంపారు. 1943 సెప్టెంబర్ 30న బార్బ్ అనే జలాంతర్గామి బాగుచేసిన టార్పెడోలతో పెర్ల్ హార్బర్ నుంచి బయల్దేరింది. ఆ తర్వాత నువ్వు మనిషివయ్యావు, కాదనను. యుద్ధంలో మునిగిన జపాన్ వర్తక ఓడల్లో సగానికి పైగా టన్నులు జలాంతర్గాముల ఖాతాలోవే. యుద్ధం అయ్యాక కూడా దశాబ్దాల పాటు నిన్ను వాడారు. బడిలో మూడుసార్లు తప్పి, చివరికి అదే బడికి హెడ్మాస్టరైనవాణ్ణి చూసినట్టుంటుంది నిన్ను చూస్తే. తిట్టబుద్ధవుతుంది, నమస్కారమూ పెట్టాలనిపిస్తుంది.

ఇట్లు,
అలెగ్జాండ్రియా ఫొటోకు చప్పట్లు కొట్టని ఒక పాఠకుడు

తా.క.: వల పరీక్షకు నిన్ను వదిలిన జేమ్స్ కో, దానికి సరిగ్గా తొమ్మిది రోజుల ముందు, 1942 జూన్ 11న ఇంకో ఉత్తరం రాశాడు. 150 టాయిలెట్ పేపర్ చుట్టలు కావాలని దాదాపు ఏడాది కిందట ఇండెంటు పెడితే, "వస్తువు గుర్తించలేకపోయాం" అని ముద్ర కొట్టి తిప్పి పంపారట. గుర్తించడానికి వీలుగా ఒక ముక్క జతచేసి, ఈలోగా ఆఫీసు కాగితాలతో గడుపుకుంటున్నామని రాశాడు. ఆ ఉత్తరానికి నౌకాదళమంతా కదిలింది. తర్వాతి యాత్ర ముగించుకుని వచ్చేసరికి రేవులో టాయిలెట్ పేపర్ మనిషెత్తు గుట్టలు పోసి, బ్యాండు మేళంతో స్వాగతం పలికారు. టార్పెడో గురించిన మొరకు జవాబు 21 నెలలు పట్టింది. బార్బ్ బయల్దేరింది సెప్టెంబర్ 30న అన్నాను కదా. జేమ్స్ కో అప్పుడు నడుపుతున్న సిస్కో జలాంతర్గామి, ఆయనతో సహా, రెండు రోజుల ముందు 28న మునిగిపోయింది.