సవరణ: ఆల్ఫాఫోల్డ్, కొత్త మందులు

ఏఐ భవిష్యత్తు మీద రాసిన పోస్టులో "ఆల్ఫాఫోల్డ్ ప్రొటీన్ల చిక్కుముడి విప్పేసింది, ఇక కొత్త మందులు చకచకా వచ్చేస్తాయి" అన్న వాక్యం ఉంది. అందులో రెండో సగం తీసేశాను.

ఆల్ఫాఫోల్డ్ అనేది గూగుల్ డీప్‌మైండ్ తయారుచేసిన ఏఐ సాఫ్ట్‌వేర్. అది చేసేది అమైనో ఆమ్లాల (ప్రొటీన్‌ను కట్టే ముక్కల) వరుసను చూసి ప్రొటీన్ ఏ ఆకారంలో ముడుచుకుంటుందో అంచనా వేయడం. ప్రొటీన్ల ఆకారాలను ఎవరు బాగా అంచనా వేస్తారో తేల్చే కాస్ప్ పోటీ 2020లో జరిగినప్పుడు అది అందరినీ దాటిపోయింది, 2022 నాటికి 20 కోట్లకు పైగా ప్రొటీన్ల ఆకారాలు అందరికీ ఉచితంగా అందాయి. చిన్న పని కాదు. కానీ అవి అంచనాలే. ప్రతి భాగానికీ ఎంత నమ్మకమో ఆ సాఫ్ట్‌వేరే మార్కులు వేసి చెబుతుంది. స్థిరమైన ఆకారం లేని భాగాల దగ్గర ఆ మార్కులు బాగా తగ్గిపోతాయి.

పైగా ఆకారం తెలియడం మందు తయారీలో తొలి మెట్లలో ఒకటి. ఆ మందు ఒంట్లో సరైన చోటికి చేరుతుందా, కాలేయాన్ని దెబ్బతీస్తుందా అన్నవి చివరికి మనుషుల మీద పరీక్షల్లోనే తేలాలి. వాటికి ఏళ్లు పడతాయి. ఏఐ వార్తల్లో ఎక్కువగా మాయమయ్యేది ఈ భాగమే.

ఇంకోటి: 2024 రసాయన శాస్త్ర నోబెల్ మొత్తం ఆల్ఫాఫోల్డ్‌కే రాలేదు. సగం ఆల్ఫాఫోల్డ్‌ను తయారుచేసిన డెమిస్ హస్సాబిస్, జాన్ జంపర్‌లకు, మిగతా సగం కొత్త ప్రొటీన్లను రూపొందించిన డేవిడ్ బేకర్‌కు. మిగతా పోస్టులో మార్పేమీ లేదు.