సవరణ: జీవో వస్తే కేసు పోయినట్టు కాదు

ప్రభుత్వం జీవో ఇస్తే పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ, అంటే ప్రభుత్వం తరఫున కేసు వాదించే లాయరు) ఆ క్రిమినల్ కేసును వెనక్కి తీసుకోవాల్సిందేనని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. చట్టం పాఠం, సుప్రీంకోర్టు తీర్పులు చూసి సరిచేస్తున్నాను.

కేసు ఉపసంహరణ పిటిషన్‌కు జీవో కాపీ జతచేసి చేతులు దులుపుకుంటే కుదరదు. పీపీ కేసు ఫైలు చదివి, ఉపసంహరణ న్యాయానికి మేలు చేస్తుందా అని సొంతంగా ఆలోచించి నిర్ణయించాలి. ఆ తర్వాత కూడా కోర్టు ఒప్పుకోవాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో ఇది 321వ సెక్షన్, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్)లో 360. కొత్త చట్టంలో బాధితుల మాట వినే అవకాశం ఇవ్వకుండా కోర్టు అనుమతించకూడదు. ఇది ఎప్పుడో రావాల్సిన మార్పు. ఎంపీలు, ఎమ్మెల్యేల కేసులకైతే, వాళ్లు మాజీలైనా సరే, హైకోర్టు అనుమతి కూడా కావాలని సుప్రీంకోర్టు 2021 ఆగస్టులో ఆదేశించింది.

అభియోగాలు నమోదు కాకముందు ఉపసంహరిస్తే నిందితుడు డిశ్చార్జ్ అవుతాడు, అంటే విచారణ లేకుండానే కేసు నుంచి బయటపడతాడు. నమోదయ్యాక అయితే నిర్దోషి కిందే లెక్క. అందుకే బాధితులు నోటీసు అందితే ఆ వాయిదాకు తప్పకుండా వెళ్లాలి, అభ్యంతరం ఉంటే రాతపూర్వకంగా ఇవ్వాలి.