తొమ్మిదో తరగతి బైబిల్ క్రెడిట్ గారికి

గౌరవనీయులైన అయ్యా,

ప్రభువు నామమున వందనములు. మీరు క్షేమమని తలుస్తాను అని రాద్దామంటే, మా అమ్మాయి ట్రాన్‌స్క్రిప్టులో, అదే పూర్తిచేసిన కోర్సుల క్రెడిట్లు రాసే మార్కుల పట్టీలో, మీరు అసలు లేరని నిన్ననే తెలిసింది. ఆఫీసుకి సగం రోజు సెలవు పెట్టి, ఇక్కడ టెక్సస్‌లో అది చదివే క్రైస్తవ ప్రైవేటు బడికి వెళ్తే కౌన్సెలరమ్మ కాగితం నా వైపు తిప్పి పెన్సిలు మొనతో చూపించింది. బైబిల్ 10కి ఏ. బైబిల్ 11కి ఏ. బైబిల్ 9 ఎదురుగా చిన్న గీత. ఆ గీత పుణ్యమా అని పిల్ల పట్టాల్లో పై మెట్టైన ఆనర్స్ డిప్లొమా నుంచి కాలేజ్ ప్రెప్‌కి దిగిపోతుందట.

చేర్చుకున్న రోజు ఇదే మనిషి ఏమంది? మా దగ్గర చదివిన ఏడాదికి ఒక బైబిల్ క్రెడిట్ చాలు, పబ్లిక్ స్కూల్లో, అంటే సర్కారు బడిలో, గడిచిన తొమ్మిదో తరగతి గురించి బెంగ పెట్టుకోవద్దంది. ఇప్పుడు ఆ మాట కింది రెండు ట్రాకులకేనట, ఆనర్స్‌కి తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్లవీ ఉండాలట. "హ్యాండ్‌బుక్‌లో ఉందిగా" అని నవ్వింది. ఉంది. పట్టిక అడుగున, చుక్క గుర్తు పక్కన, చీమ తలకాయంత అక్షరాల్లో.

మీ హోదా తెలియక కాదు. టెక్సస్‌లో పబ్లిక్ స్కూలు పిల్లలకి 22 క్రెడిట్లు చాలు, ఎండార్స్‌మెంట్, అదే ఏదో ఒక రంగంలో ప్రత్యేక గుర్తింపు, కావాలంటే 26. ప్రైవేటు బడికి ఆ పట్టింపు లేదు, తన లెక్క తనే రాసుకోవచ్చు. రాసుకుంది. ఆల్జీబ్రా టూ అడ్డం రాలేదు, కెమిస్ట్రీ అడ్డం రాలేదు. వచ్చింది మీరొక్కరే.

ఎవరికి అడ్డం వచ్చారో తెలుసా? మాది ఒంగోలు. 1878 జూలైలో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ వరుసలో తమ వంశం వాళ్లూ నిలబడ్డారని మా అత్తగారి పట్టుదల. ఆ బాప్తిస్మాలు జరిపించిన అమెరికా మిషనరీ క్లౌ దొర కూడా ముందు వాళ్లని ఆగమన్నాడు, కాదనను. కరువు రోజులు కదా, తిండికోసం వచ్చారని లోకం అంటుందేమోనని. ఆయన ఆపినదానికి ఒక అర్థముంది. 1853లో అమెరికా వాళ్లు నెల్లూరు మిషన్‌ని (తర్వాత క్లౌ దొర వచ్చి చేరింది ఇందులోనే) మూసేద్దామా వద్దా అని తర్జనభర్జన పడ్డప్పుడు దానికి లోన్ స్టార్, అంటే ఒంటరి చుక్క, అని పేరొచ్చింది. ఇప్పుడు ఆ మిషన్ బిడ్డలం లోన్ స్టార్ రాష్ట్రమని పిలిచే టెక్సస్‌కొచ్చి, బైబిలు తక్కువైందని వేసవిలో ఆన్‌లైన్ ఓల్డ్ టెస్టమెంట్ సర్వే కొనుక్కోవాలి. ఫీజు విడిగా.

120 గంటలు కూర్చుంటే ఒక క్రెడిట్ అని 1906 నాటి కార్నెగీ లెక్క ఒకటుంది కదా, దాని ప్రకారమే పోదాం. మా అత్తగారు ముగింపు ప్రార్థన మొదలుపెడితే చుట్టాల్లో ఉన్న ప్రతి షుగరు పేషెంటునీ పేరుపేరునా తలుచుకోందే ఆమెన్ రాదు. ఆ పక్కన మోకాళ్ల మీద పెరిగిందండీ ఈ పిల్ల. 119వ కీర్తన 176 వచనాలూ తెలుగులో అప్పజెబుతుంది. కట్టండి గంటలు!

సర్వీస్ అవర్స్, అదే సమాజ సేవ గంటల, ఫారం మీద బంధువుల సంతకం చెల్లదట. మా తెలుగు సంఘంలో కాపరి పిల్ల బాబాయి, మిగతావాళ్లు ఏదో ఒక వరస. ఆరాధనలో ఢోలక్ వాయిస్తే ఫైన్ ఆర్ట్స్ కిందికి రాదట. పీఈ, అదే ఆటల క్లాసు, సంగతి ఎత్తను.

ఒక్కటి మాత్రం అడగాలి. మత్తయి 20 మీ సిలబస్‌లో ఉందా, లేదా? తెల్లారి ద్రాక్షతోటకు వచ్చినవాడికీ సాయంత్రం అయిదింటికి వచ్చినవాడికీ యజమాని ఒకటే దేనారం, అంటే ఒక రోజు కూలి, ఇచ్చాడు. సణిగింది ముందొచ్చిన కూలీలు. ఇక్కడ తోటి పిల్లలెవరూ సణగలేదు, యజమానే చుక్క గుర్తు పెట్టి, ఆలస్యంగా వచ్చావు, ఇంకో కోర్సు కొనుక్కో అంటున్నాడు. పదో తరగతిలో ఆ ఉపమానం మీదే వ్యాసం రాయించి ఏ ఇచ్చారు కదయ్యా! సిగ్గు లేదూ నీకు? కారిడార్ గోడ మీద ఈ వారం వాక్యం ఏంటో చూశావా? అవునంటే అవును, కాదంటే కాదు అని ఉండాలట మాట. చేరే రోజు అవునన్నారు. ఫీజులన్నీ పుచ్చుకున్నాక కాదన్నారు. పిల్ల కారులో నాతో ఒక్క మాట మాట్లాడలేదు. దానికేం జవాబు చెప్పను? నువ్వు చెప్తావా?

సరే, డబ్బు కట్టేశాను. నమూనా క్విజ్ తెరిస్తే మొదటి ప్రశ్న, పాత నిబంధనలో పుస్తకాలు ఎన్ని? వాట్సాప్‌లో ఉన్న అత్తగారు ఆప్షన్లు రాకముందే ముప్పై తొమ్మిది అనేసి, "దీనికి డాలర్లు కూడానా?" అంది. వేసవంతా మనవరాలితో పాటు తనూ కూర్చుంటుందట. చూసీచూడనట్టు ఆవిడకీ ఒక క్రెడిట్ వేయండి. సంతకం మాత్రం అడక్కండి, ఆవిడ ఎరిగినవాళ్లంతా బంధువులే.

ఇట్లు,
ప్రస్తుతానికి కాలేజ్ ప్రెప్ పిల్ల తల్లి